మట్టపల్లి సామి పేరు

కాటమ్మకు నోరు లేదని ఎవరూ అనలేరు. గరిడేపల్లి పక్కన ఆమె ఉండే చిన్న పల్లెలో, పొలం ఈ చివర ఆమె గొంతు లేస్తే ఆ చివర గట్టు మీది కొంగ ఎగిరిపోయేది. నాట్ల దగ్గర, అంగట్లో, బావి దగ్గర ఎవరు కనబడినా మాట కలిపేది. తగువు వస్తే అదీ మొహమాటం లేకుండా పడేది. అంత నోరున్న మనిషి కట్టుకున్నవాడితో ఏడాది పాటు ఒక్క మాటా మాట్లాడలేదంటే కొత్తగా విన్నవాళ్లు నమ్మేవాళ్లు కారు. అసలు మాట్లాడలేదని కూడా అనడానికి వీల్లేదు. మాట్లాడేది. కాకపోతే ఎద్దుతో మాట్లాడేది.

వాళ్లకొక ఎడ్ల జత ఉండేది. ఒకటి బూడిద రంగు మైలెద్దు, ఒకటి నల్లటి కర్రెద్దు. సూర్యాపేట అంగట్లో ఆలుమగలిద్దరూ కలిసి వెళ్లి, పళ్లు చూసి, తోక పట్టి లాగి, నడిపించి చూసి కొన్న జత. బావి కింద ఉన్న కాస్త భూమికి నీళ్లు పారించేది ఆ ఎడ్లే. బావి మీద గిరక, గిరకకు తాడు, తాడుకు తోలు బొక్కెన. ఎడ్లు వాలు దారిలో కిందికి నడిస్తే బొక్కెన పైకి వచ్చి నీళ్లు కాలువలో పడేవి. దాన్నే మోట కొట్టడం అంటారు. మోట దగ్గర ఎడ్లను తోలేది ఆమె పెనిమిటి వెంకటనర్సయ్య. పొలం చివర పార పట్టుకుని ఒక మడి తర్వాత ఒక మడికి నీళ్లు మళ్లించేది కాటమ్మ. మడి నిండగానే ఆమె అక్కడి నుంచి "నిండిందో..." అని ఒక కేక వేసేది. ఆ "దో" దగ్గర సాగదీసి, చివర్న కాస్త పైకి ఎత్తేది. ఆ కేక వినబడగానే ఆయన ఎడ్లను నిలిపేవాడు. ఆమె ఈ మడి గండి పూడ్చి, పక్క మడి గండి తెరిచేది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి వాళ్ల కాపురంలో ఎక్కువ మాట అదే. ఆ ఒక్క మాటతోనే ఇద్దరికీ బాగానే గడిచిందని చెప్పాలి.

వెంకటనర్సయ్య తీరే అంత. అడిగితే అడిగినంత, అడగకపోతే అదీ లేదు. ఏదైనా సంగతి పూర్తిగా తెలిస్తేనే నోరు విప్పేవాడు. సగం తెలిసిన మాట చెప్పడమంటే ఆయనకు అబద్ధం చెప్పడం కిందే లెక్క. వాన వస్తుందా అని అడిగితే, వచ్చి తడిసిన తర్వాత "వచ్చింది" అనే రకం. కాటమ్మ మొదట్లో నవ్వుకునేది, తర్వాత విసుక్కునేది, ఆ తర్వాత అలవాటు పడింది.

ఇక ఆమె వైపు నుంచి ఒక పట్టింపు. పెనిమిటి పేరు నోటితో పలకదు. ఆ రోజుల్లో ఏ ఆడమనిషీ పలికేది కాదనుకోండి, కానీ కాటమ్మ పట్టింపు మరీ గట్టిది. పేరెత్తితే ఎత్తినప్పుడల్లా ఆయన ఆయుష్షు కొంత తగ్గిపోతుందని వాళ్లమ్మ చెప్పి పంపింది. అందుకని ఆమె కృష్ణ ఒడ్డున మట్టపల్లిలో వెలసిన నరసింహస్వామి పేరు కూడా తలిచేది కాదు. ఆ అక్షరాలు పెనిమిటి పేరులో ఉన్నాయి కదా. "మట్టపల్లి సామి" అని దండం పెట్టుకునేది. పక్కింటి నర్సమ్మను పేరు పెట్టి పిలవాల్సి వస్తుందని "ఓ వదినా" అని వరస కలుపుకుంది. సామి పేరు మింగేసి, సామి ఊరు పేరు చెప్పుకునే ఆ అలవాటే తర్వాత కొంప ముంచింది. ఆ సంగతికి ముందు ఆమె తమ్ముడి సంగతి చెప్పాలి.

లింగస్వామి ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి తొందరగా పోతే కాటమ్మే వాణ్ని చంకనేసుకుని పెంచింది. తనకు పిల్లలు కలగలేదు కనుక పెళ్లయ్యాక కూడా కడుపు తీపంతా వాడి మీదే. వాడు పెద్దయి సంఘంలో కలిశాడు. దొరలకు వెట్టి చేయబోమని, సర్కారుకు లెవీ గింజలు ఇవ్వబోమని ఊళ్లూళ్లూ తిరగబడుతున్న కాలం అది. రజాకార్లు ఒక పక్క, దొర మనుషులు ఇంకో పక్క వేటాడుతుంటే సంఘం పిల్లలు గుట్టల్లో, వాగుల్లో తిరిగేవాళ్లు. ఎప్పుడో ఒకప్పుడు తమ్ముడు వస్తాడని కాటమ్మ రోజూ రెండు రొట్టెలు ఎక్కువ చేసి గంపలో మూత పెట్టి ఉంచేది. వెంకటనర్సయ్య అది చూసేవాడు. ఎందుకని అడిగేవాడు కాదు. వద్దనేవాడూ కాదు.

ఒక పొద్దున గంపలో రొట్టెలు కనబడలేదు. ఆమె పెనిమిటిని అడిగింది. ఆయన "కుక్క ఎత్కపోయిందేమో" అన్నాడు. ఆయన భుజం మీద ఎప్పుడూ ఉండే ఎర్రంచు తువ్వాల కూడా లేదు. అది ఏమైందంటే ఎరుక లేదన్నాడు. కాటమ్మ ఆ కుక్కను తిట్టి, ఈయన మతిమరుపును తిట్టి పొలానికి పోయింది. ఆ రోజు కూడా మడి నిండిన ప్రతిసారీ "నిండిందో..." అని కేక వేసింది.

ఆ వారంలోనే కబురు వచ్చింది. హుజూర్‌నగర్ దారిలో లింగస్వామిని కాల్చేశారు. శవాన్ని కూడా ఇవ్వలేదు. ఇంటి ముందు కూర్చుని కాటమ్మ గుండెలు బాదుకుంటుంటే పక్కింటి నర్సమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆ మాట అప్పుడే చెప్పాలని ఆమెకు ఎందుకు అనిపించిందో మరి. నర్సమ్మ చెడ్డది కాదు, కానీ కడుపులో మాట నిలవదు. మొన్న పొద్దుగూకేటప్పుడు నీ తమ్ముడు గొంగడి కప్పుకుని మీ వాకిట్లోకి వచ్చాడు, నువ్వు మా దొడ్లో జొన్నలు చెరుగుతున్నావు, నీ పెనిమిటి వాణ్ని గుర్తు పట్టనట్టు ఎవరివయ్యా పో పొమ్మన్నాడు, వాడు మారు మాట్లాడకుండా తిరిగిపోయాడు, నేను ఈ కళ్లతో చూశాను అని చెప్పింది.

కాటమ్మ ఏడుపు అక్కడికక్కడ ఆగిపోయింది. తమ్ముడు చచ్చిపోయాడన్నది ఒక దుఃఖం. తన గడప దాకా ఆకలితో వచ్చి, తను పక్క దొడ్లోనే ఉండగా, మెతుకు ముట్టకుండా పోయి చచ్చిపోయాడన్నది ఇంకో దుఃఖం. మొదటిదానికి ఏడవగలిగింది. రెండోదానికి ఏడుపు రాలేదు.

ఆ సాయంత్రం వెంకటనర్సయ్య ముందు కంచం పెట్టి, ఆయన వైపు చూడకుండా గోడ వైపు తిరిగి, "ఆకలితోటి వచ్చినోణ్ని ఎల్లగొట్టినోళ్లకు బువ్వ ఎట్ల దిగుతదో" అంది. ఆయన చేయి కంచంలో ఆగింది. ఏదో చెప్పబోయినట్టు నోరు కదిలింది. తర్వాత కంచం పక్కకు జరిపి, లేచి, ఎడ్ల కొట్టంలోకి వెళ్లిపోయాడు. ఏదైనా ఉంటే చెప్పేవాడు కదా అని కాటమ్మ అనుకుంది. చెప్పలేదు కనుక ఏమీ లేదని తేల్చుకుంది. మాటలాడే మనుషులు చేసే తప్పు ఇదే. ఎదుటివాడు ఊరుకుంటే దాన్ని జవాబు కింద జమ కట్టేస్తారు.

ఆ రోజుతో వాళ్ల మధ్య మాట తెగింది. కాపురమైతే తెగలేదు. పొలం ఉంది, ఎడ్లు ఉన్నాయి, పని ఆగదు. అవసరమైన మాటలు ఎడ్ల మీదుగా నడిచేవి. "మైలెద్దా, సద్ది తెచ్చిన, తినమను" అని ఆమె అనేది. కాసేపటికి ఆయన కర్రెద్దు మెడ నిమురుతూ "ఉప్పు తక్కువైంది" అనేవాడు. మైలెద్దు ఆమెది, కర్రెద్దు ఆయనది. పొలం మీదుగా పోయేవాళ్లు ఇది చూసి నవ్వుకునేవాళ్లు. నాటకంలో నవ్వించే ఘట్టంలా ఉండేది. ఆ ఇద్దరికీ మాత్రం నవ్వు రాలేదు. మడి నిండితే ఆమె కేక వేయడం మానేసి, పారతో బండ మీద టంగుమని కొట్టేది. అది విని ఆయన ఎడ్లను ఆపేవాడు.

ఎద్దును ఆమె ఒకటికి పదిసార్లు అడిగింది కూడా. "మైలెద్దా, కన్నతల్లి లెక్క పెంచిన నా తమ్ముణ్ని పొమ్మనటానికి వీళ్లకు నోరెట్ల వచ్చిందో అడుగు." ఆయన తాడు మీద కూర్చుని వాలు దిగుతూ అటు చూసేవాడు, ఏమీ అనేవాడు కాదు. కాటమ్మకు కోపం ఇంకా రగిలేది. ఎద్దును అడిగితే ఎద్దును అడిగినట్టే ఉంటుందని, ఆయనను అడిగినట్టు కాదని ఆమెకు తోచలేదు.

పోలీసు చర్య అయింది. రాజ్యం మారిందన్నారు. రజాకార్లు మాయమయ్యారు, గడీ వదిలి దొర ఎటో వెళ్లాడు. ఊపిరి పీల్చుకుందామనుకునే సరికి సంఘం వాళ్లను పట్టుకోవడానికి పట్టాళం దిగింది. ఒక రోజు పొద్దు పొడవకముందే ఆకుపచ్చ లారీలు ఊరి చుట్టూ నిలబడ్డాయి. మగవాళ్లందరినీ ధాన్యం గరిసెల దగ్గర ఖాళీ జాగాలో తలలు వంచి కూర్చోబెట్టారు. ఊళ్లో తలదాచుకున్న పై ఊరివాళ్లను ఏరడానికి పట్టాళం అధికారి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఒక్కో ఇంటి ఆడమనిషి వచ్చి, తన మనిషి ఎవరో చూపించి, పేరు చెప్పాలి. చెబితే వదిలేస్తారు. చెప్పేవాళ్లు లేనివాడు పై ఊరివాడన్నమాట. మధ్యలో ఇంకెవరూ నోరెత్తడానికి లేదు. ఎత్తిన ఒక ముసలాయన వీపు మీద దెబ్బ పడింది. ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఆ అధికారికి పాపం మన ఊళ్ల సంగతి ఏం తెలుసు? ఆడవాళ్లు పేర్లు చెప్పరు. పిల్లలున్నవాళ్లు పిల్లలను ముందుకు తోశారు, వాళ్లు నాయన పేరు చెప్పారు. అత్తలున్నవాళ్లకు అత్తలు చెప్పారు. కాటమ్మ వంతు వచ్చింది. ఆమెకు పిల్లలు లేరు, అత్త లేదు. వెంకటనర్సయ్య వంచిన తల ఎత్తి ఆమె వైపు చూశాడు. అలా సూటిగా ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుని చాలా కాలమైంది.

కోదాడ వైపు నుంచి వచ్చిన, మాట తిప్పి చెప్పే దుబాసి ఒకడు అధికారి పక్కన ఉన్నాడు. మంచిగానే అడిగాడు.

"ఇతను నీకేమవుతాడమ్మా?"

"మా ఇంటాయనే."

"పేరు చెప్పు మరి."

పేరు నాలుక చివరి దాకా వచ్చింది. తల్లి మాట గుర్తొచ్చింది. తుపాకుల మధ్య కూర్చున్న మనిషి ఆయుష్షును తన నోటితో తగ్గించడమా? మామూలుగా ఎవరైనా అడిగితే ఎలా చెబుతుందో అలాగే మొదలుపెట్టింది.

"మట్టపల్లి..."

సామి పేరే అనే మాట ఇంకా నోట్లోనే ఉంది. దుబాసి చప్పున అధికారి వైపు తిరిగి ఏదో చెప్పాడు. ఆ పరభాషలో ఆమెకు అర్థమైంది మట్టపల్లి అన్న ఒక్క ముక్కే. మట్టపల్లి నది ఒడ్డు ఊరు. సంఘం వాళ్లు పడవల్లో ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ దాటేది అక్కడేనని పట్టాళానికి అప్పటికే అనుమానం. అధికారి చేయి ఊపాడు. ఇద్దరు జవాన్లు వెంకటనర్సయ్యను రెక్క పట్టి లేపారు. "ఊరు గాదయ్యా, ఆ సామి పేరే ఈయన పేరు" అని కాటమ్మ వెంటబడింది. దుబాసి అప్పటికే పక్కావిడను అడుగుతున్నాడు. లారీ మీదికి ఎక్కుతూ వెంకటనర్సయ్య ఒకసారి వెనక్కి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అర్థమైందిలే అన్నట్టు ఉంది. ఆమెను కాల్చింది అదే.

లారీలు పోయాక నర్సమ్మ వచ్చి చేయి పట్టుకుంది. "మంచిపనే చేసినవ్ వదినా. నీ తమ్మునికి బుక్కెడు బువ్వ పెట్టనోనికి గట్లనే కావాలె" అంది. ఓదార్పు అనుకునే అంది. కాటమ్మ ఆమె చేయి విదిలించుకుని ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. ఊరంతా ఇదే అనుకుంటోందన్నమాట. కావాలని చెప్పలేదని, పగ తీర్చుకుందని. ఆయనా అదే అనుకుంటూ లారీ ఎక్కాడన్నమాట.

అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి. నిజంగా ఆచారం కోసమే పేరు మింగిందా? లోపల ఎక్కడో ఆ పగ కాస్త గొంతు పట్టుకోలేదా? ఎంత తరచి చూసుకున్నా కాటమ్మకు తేలలేదు. కొట్టంలోకి వెళ్లి మైలెద్దు ముందు కూర్చుంది. ఏడాదంతా ఆయన మీద చాడీలు విన్న ఎద్దు అది. దానికే చెప్పుకుని ఏడ్చింది. అది నెమరు వేస్తూ అలాగే చూసింది. దాని దగ్గర జవాబు ఉండదని ఆమెకు ఆ రోజు అర్థమైంది.

పట్టుకుపోయినవాళ్లను మిర్యాలగూడలో ఊరి బయట ఒక పాత ధాన్యం గోదాంలో పెట్టారని తెలిసింది. ఎడ్లను నర్సమ్మకు అప్పగించి, పొద్దుగాలే సద్ది మూట కట్టుకుని కాటమ్మ నడక మొదలుపెట్టింది. దారి పొడుగునా పేరు పలకడం సాధన చేసింది. ఎవరూ లేని చోట పెదాలు కదిపి చూసింది. మొదటి సగం వచ్చింది, రెండో సగం దగ్గర నోరు మూసుకుపోయింది. రోడ్డు మీద బండి ఏదైనా ఎదురైతే దొంగతనం చేస్తున్నట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గోదాం చుట్టూ ముళ్ల కంచె. కంచెకు ఇవతల చాలామంది ఆడవాళ్లు. వాళ్లలో నీలా అనే లంబాడీ ఆమె కాటమ్మను దగ్గరికి పిలిచి కూర్చోబెట్టింది. ఆమె పెనిమిటి గేమ్యా కూడా లోపలే ఉన్నాడు. ఆమె రోజూ వస్తోంది కనుక ఆనుపానులన్నీ తెలుసు. మధ్యాహ్నం దాటాక లోపలి వాళ్లను కాసేపు ఎండలోకి వదులుతారు. అప్పుడు ఎవరి మనిషి పేరు వాళ్లు గట్టిగా పిలవాలి. వినబడితే కంచె దగ్గరికి వస్తాడు. కావలివాళ్లు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. కాటమ్మ బిక్కమొహం చూసి నీలాకు సంగతి అర్థమైంది. "నీ మొగని పేరు నువ్వు పిల్వకుంటే ఎవరు పిలుస్తరే? నేను పిల్వాల్నా?" అంది నవ్వుతూ. కాటమ్మ వద్దంది.

తలుపులు తెరిచారు. దుమ్ములో చాలామంది బయటికి వచ్చారు. ఒకేలా మాసిపోయిన మనుషులు, ఎవరు ఎవరో తెలియడం లేదు. కాటమ్మ కంచె పట్టుకుని కళ్లు మూసుకుంది. "వెంకటనర్సయ్యా" అని అరిచింది. పొలం చివరి దాకా వినిపించే ఆ గొంతు కీచుమని చీలిపోయింది. పరాయివాళ్ల మధ్య కొంగు జారిపోయినంత సిగ్గుగా అనిపించింది. కళ్లు తెరిచి చూసింది. ఎవరూ రాలేదు. మళ్లీ పిలిచింది. ఈసారి పేరు పూర్తిగా, స్పష్టంగా వచ్చింది. దూరంగా గోడ దగ్గర కూర్చున్న ఒక మనిషి ఆయనేనని భుజాలను బట్టి ఆనవాలు పట్టింది. ఆయన తల కూడా తిప్పలేదు.

వినబడింది, రావడం లేదు అనుకుంది. రాకపోవడమే న్యాయం అనుకుంది. ఏడాది పాటు తాను పెట్టిన శిక్షనే ఆయన ఇప్పుడు తిరిగి పెడుతున్నాడు. ఇంటికి పోదామని కొంగు బిగించుకుంది. నీలా ఆమె చేయి గుంజింది. "నిన్న మావోడు గూడ సప్పున రాలే. ఇంకోసారి పిలువు. ఏం పోతది?" అంది.

ఇంకోసారి ఆ పేరు పలికే సత్తువ కాటమ్మకు లేదు. అయినా నోరు తెరిచింది. తెరిచిన నోటి నుంచి ఆమె అనుకోని మాట బయటికి వచ్చింది.

"నిండిందో..."

ఆ "దో" సాగి, చివర్న పైకి లేచింది. పక్కనున్న ఆడవాళ్లు ఈమెకు మతి పోయిందా అన్నట్టు చూశారు. ఒక కావలివాడు పకపకా నవ్వాడు. గోడ దగ్గరి మనిషి చటుక్కున లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ ముందుకు చాచి, లేని ఎడ్లను ఆపినట్టు ఆగి, అటూ ఇటూ చూశాడు. తర్వాత నెమ్మదిగా కంచె వైపు నడిచి వచ్చాడు.

తల ఒక పక్కకు వంచి నిలబడ్డాడు. ఎడమ చెవి వాచి నల్లబడి ఉంది. ఎవరు కొట్టారని ఆమె అడగలేదు. పేరు పెట్టి పిలిచాను, ఎందుకు రాలేదని అడిగింది. ఆయన చెవి వైపు చేయి చూపించి, ఎవరెవరో అరుస్తున్నారు కాని మాటలు తెలియడం లేదన్నాడు. మోట కేక మాత్రం తెలిసిందట.

కాటమ్మ కంచెకు మొహం ఆనించింది. చుట్టూ అంతమంది ఉన్నారని కూడా చూసుకోలేదు. ఏడాదిగా ఎద్దును అడిగిన మాట మొదటిసారి ఆయన మొహం మీద అడిగింది.

"నా తమ్ముణ్ని ఎందుకు పొమ్మన్నవ్?"

వెంకటనర్సయ్య పక్కకు చూశాడు. అక్కడ కర్రెద్దు లేదు. మళ్లీ ఆమె వైపే తిరిగాడు.

"లోపల అరుగు మీద గడీ మనిషి కూసున్నడు. పొగాకుకు వచ్చిండు. రా బామ్మర్దీ అని అంటే ఆడికాడనే పట్టిస్తుండె. ఎవరివో అన్నట్టు కసిరిన. నీ తమ్మునికి సమజైంది, పోయిండు."

నర్సమ్మ చూసింది వాకిట్లో నిలబడిన ఇద్దరినే. గోడ అవతల అరుగు ఆమెకు కనబడదు.

"నాకెందుకు చెప్పలే?"

"ఆ పొద్దు చెప్తే నువ్వు సద్ది పట్టుకోని ఎంట ఉరుకుదువు. నీ ఎంట ఆ గడీ మనిషి వస్తుండె."

"తరువాతన్న చెప్పొద్దా? అన్నిసార్లు అడిగిన గదా."

"నన్నెప్పుడడిగినవ్? ఎద్దునడిగినవ్."

ఆయన కంచె ముల్లు మీద వేలు పెట్టి, మెల్లిగా, ఒక్కొక్క మాటే కూడగట్టుకుంటూ మిగతాది చెప్పాడు. గడీ మనిషి వెళ్లగానే గంపలో రొట్టెలు తన తువ్వాలలో మూట కట్టి, మోట దగ్గర గిరక కింద రాతి మీద పెట్టి వచ్చాడు. గుట్టల దారి ఆ బావి పక్క నుంచే పోతుంది, లింగస్వామికి ఆ జాగా తెలుసు. తెల్లారి చూస్తే మూట లేదు.

"తిన్నడా?" అని అడిగింది కాటమ్మ. అప్పటికి ఆమెకు ప్రపంచంలో ఇంకే సంగతీ అక్కర్లేదు.

"ఎరుక లేదు. ఆయన తీస్కపోయిండో, కుక్కనే గుంజుకపోయిందో. ఎరుక లేకనే నీకు చెప్పలే. తెల్వని మాట చెప్పి నిన్నెట్ల సముదాయించాలె?"

ఆమె ఏడ్చింది. ఏడాది కింద రాకుండా ఆగిపోయిన ఏడుపు అది. ఆయన కంచె సందులోంచి చేయి పెట్టి ఆమె మోచేయి పట్టుకున్నాడు. కాసేపటికి కళ్లు తుడుచుకుని తన సంగతి కూడా అడిగేసింది. పేరు కావాలనే చెప్పలేదనుకున్నవా అని. అనుకున్నా అన్నాడు, దాచకుండా. ఆయుష్షు తగ్గుతుందని చెప్పలేదని, సామి పేరు చెప్పబోతే ఊరు పేరనుకున్నారని ఆమె చెప్పింది. వెంకటనర్సయ్య, ఈడకొచ్చి సగం ఆయుష్షు ఎట్లాగూ తగ్గిందిలే అన్నాడు. ఇద్దరికీ నవ్వు రావాలి. ఆయనకు వచ్చింది. ఆమెకు రాలేదు. ఎందుకంటే అందులో కొంచెం పగ కూడా ఉందేమోనన్న అనుమానం ఆమెకు ఇంకా పోలేదు. ఆ మాట కూడా చెప్పేసింది. ఆయన తలూపి, "ఉంటది మరి" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమె గుండె బరువు సగం దిగింది.

ఆ సాయంత్రమే గోదాం దగ్గర ఉన్న ఆ దుబాసిని పట్టుకుని, వెంకటనర్సయ్య, వెంకటనర్సయ్య అని అతను విసుక్కునే దాకా చెప్పింది. ఊరి పెద్దలు వచ్చి మా ఊరి మనిషేనని పూచీ పడ్డాక, ఎండలు ముదిరే వేళకు ఆయనను వదిలారు. మనిషి తిరిగి వచ్చాడు, ఎడమ చెవి రాలేదు. రెండో చెవి కూడా అంతంతమాత్రమే అయింది.

అప్పటి నుంచి కాటమ్మ కాపురం ఊరంతటికీ వినబడేది. ఉప్పు సరిపోయిందా అన్నా, ఒళ్లు నొప్పిగా ఉందా అన్నా అరవాల్సిందే. వెనక నుంచి "ఏమయ్యో" అంటే ఆయన తిరిగేవాడు కాదు కనుక పేరు పెట్టే పిలిచేది. ఆమె ఈడు ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. నర్సమ్మ మాత్రం ఒక్క మాటా అనలేదు, ఆమెకు తన తప్పు తెలుసు. పొలంలో మోట కేక అంత దూరం నుంచి ఇక ఆయనకు వినబడలేదు. గాలి ఇటు నుంచి కొడితే ఎప్పుడైనా అందేది, లేకపోతే లేదు. మడి నిండితే పార కింద పడేసి, గట్టు వెంట బావి దాకా నడిచి వచ్చి, కుడి చెవి దగ్గర చెప్పి మళ్లీ నడిచి వెళ్లేది. అప్పటికి నీళ్లు గట్టు దాటి పోయేవి. పోతే పోనీ అనేది.

అలా వచ్చినప్పుడు కొన్నిసార్లు మడి సంగతి చెప్పాక కూడా వెళ్లేది కాదు. గిరక వైపు, దాని కింద ఉన్న రాతి వైపు చూస్తూ నిలబడేది. "తినే పోయిండంటవా?" అని అడిగేది. మొదటిసారి ఆయన ఎరుక లేదన్నాడు. రెండోసారీ అదే అన్నాడు. తెలియని మాట చెప్పే మనిషి కాదు కదా. ఆమె సరేనని తలూపి వెళ్లిపోయేది. మళ్లీ ఇంకో రోజు అడిగేది. ఒక పొద్దున, పైరు పొట్టకు వచ్చిన రోజుల్లో, అదే మాట అడిగితే వెంకటనర్సయ్య తాడు వదిలేసి ఆమె మొహంలోకి చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తనకు తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పాడు.

"తినే పోయిండు."

అది తెలిసి చెప్పిన మాట కాదని కాటమ్మకూ తెలుసు. అయినా ఆ తర్వాత ఆ మాట అడగడం తగ్గించింది. ఆమె అడగని రోజున, మడి నిండిందని చెప్పి తిరిగిపోతుంటే, ఆయనే ఎడ్లను నిలిపి వెనక నుంచి పిలిచేవాడు. తన గొంతు తనకే వినబడదు కనుక ఆయన కూడా పెద్దగా అరిచేవాడు. పొలాలన్నిటికీ వినబడేది.

"కాటమ్మా, తినే పోయిండే!"

ఆమె వెనక్కి తిరిగి, విన్నానని చేయెత్తి చూపించి, నీళ్లు పారుతున్న మడి వైపు నడిచేది.